అన్నమయ్య ఎవరి పాట పాడినాడు?

(కడపలో ఒక సాహిత్య సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అమ్మా, మీరు కూడా ఇట్లా వచ్చి కూర్చోండి.

భక్తి ఉద్యమం మీద మాట్లాడమన్నారు నన్ను. మామూలుగా దీన్ని తమిళదేశంలో మొదలుపెడతారు. 6వ శతాబ్దం నుంచి 9వ శతాబ్దం దాకా విష్ణువును పాడిన ఆళ్వార్లు, శివుణ్ణి పాడిన నాయనార్లు. 12వ శతాబ్దంలో కన్నడదేశంలో బసవన్న, అల్లమప్రభువు, అక్కమహాదేవి. మహారాష్ట్రలో జ్ఞానేశ్వరుడు, నామదేవుడు, తుకారాం. ఉత్తరాన కబీరు, రైదాసు, మీరాబాయి. మ్యాపు మీద బాణం గుర్తులు పెట్టి, దక్షిణాన పుట్టింది, ఉత్తరానికి పాకింది అని చెప్పుకుంటూ పోతే గంట గడిచిపోతుంది. అందులో తప్పేమీ లేదు. మరి ఆ మ్యాపులో మన సీమ ఎక్కడుంది? ఎప్పుడైనా వెతికినారా?

ఒకసారి చుట్టూ చూడండి. పైన శ్రీశైలం. మల్లికార్జునుడే తన మొగుడని నమ్మి అక్కమహాదేవి నడిచి వచ్చి కదళీవనంలో ఆయనలో కలిసిపోయిందని చెప్పుకునే కొండ. ఇవతల అహోబిలం, తిరుమంగై ఆళ్వారు పాడిన దివ్యదేశం. తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం. గుంతకల్లు పక్కన చిప్పగిరిలో, కన్నడంలో వేల పదాలు పాడిన విజయదాసు సమాధి. కందిమల్లాయపల్లెలో బ్రహ్మంగారు, ఆయన శిష్యుడు దూదేకుల సిద్ధయ్య. కదిరి దగ్గర కటారుపల్లెలో వేమన. రాజంపేట పక్కన తాళ్లపాకలో అన్నమయ్య. తమిళం ఒక పక్క నుంచి, కన్నడం ఒక పక్క నుంచి వచ్చి తెలుగుతో కలిసిన నేల ఇది. శైవం ఉంది, వైష్ణవం ఉంది, మాధ్వం ఉంది, ఈ మూడింటికీ లోబడకుండా, కదలని పరతత్వం ఒక్కటే సత్యమనే అచల తత్వం ఉంది. ఒక్కొక్కరి మీద ఒక్కో రోజు మాట్లాడుకోవచ్చు. నేను ఈరోజు ఒక్కరినే పట్టుకుంటాను. అన్నమయ్యను. ఆయన గురించి కూడా అన్నీ చెప్పను, ఒక్క ప్రశ్నే అడుగుతాను. ఆయన పాడినది ఎవరి పాట?

ఇదేం ప్రశ్న, అన్నమయ్య పాడింది అన్నమయ్య పాటే కదా అంటారు. ఆగండి, అక్కడికే వస్తాను.

ముందు మనిషి గురించి నాలుగు మాటలు. మనవడు చిన్నన్న తాతగారి చరిత్రను ద్విపదలో రాసినాడు. మనకు తెలిసిన కథలన్నీ చాలావరకు అందులోవే. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. పెద్ద ఉమ్మడి కుటుంబం. పిల్లవాడు ఎప్పుడూ పాటల్లోనే ఉంటాడు, పనికి రాడు అని ఇంట్లోవాళ్లు కసిరి, పశువులకు గడ్డి కోసుకురమ్మని కొడవలి ఇచ్చి పంపుతారు. గడ్డి కోస్తుంటే చిటికెనవేలు తెగుతుంది. ఆ నొప్పిలో, ఈ అన్నలూ వదినెలూ ఎవరు నాకు, నా వాడు ఆ కొండ మీదున్నవాడే అనిపించి, దారిన పోతున్న తిరుమల యాత్రికుల వెంట నడిచిపోతాడు. ఈ కథను మనం భక్తి కలిగిన క్షణంగా చెప్పుకుంటాం, సరే. నాకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ఆ పిల్లవాడు పొలంలో ఉన్నాడు. చేతిలో కొడవలి ఉంది. పల్లెటూళ్లో పుట్టి, పల్లె పనుల మధ్య పెరిగి, పల్లె పాటలు వింటూ ఎదిగిన చెవి అది.

తర్వాత తిరుమల, తర్వాత అహోబిలంలో ఆదివన్ శఠకోపయతి దగ్గర చదువు. ఆయన పాటలు చెక్కిన రాగిరేకుల మొదట్లోనే రాసినారు: శకం 1346 క్రోధి సంవత్సరంలో, పదహారో ఏట స్వామి ప్రత్యక్షమైతే అప్పటి నుంచి పాడుతూ వచ్చినాడని, శకం 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా పాడినాడని. మన లెక్కలో 1424 నుంచి 1503 దాకా. ముప్పై రెండు వేల సంకీర్తనలు అని చిన్నన్న చెబుతాడు. మనకు దొరికినవి అందులో సగం కూడా కావు. అయినా వేలల్లోనే ఉన్నాయి.

అవి బయటికొచ్చిన కథలో మన అనంతపురం జిల్లా మనిషి ఉన్నాడు, ఆయన పేరు చెప్పకుండా ముందుకు పోలేను. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. తిరుమల గుడి అరలో శతాబ్దాల పాటు ఉండిపోయిన రేకులను సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు వెలికితీస్తే, వేటూరి ప్రభాకరశాస్త్రిగారి తర్వాత ఆ పనికి పూనుకుని, పరిష్కరించి, స్వరపరిచి మన నోళ్లలో పెట్టినవారిలో శర్మగారు ముఖ్యులు. రేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు ఉంది. స్వరాలు లేవు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడ రోకలి పట్టి వడ్లు దంచినవాళ్లు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. ఆ మూలన కొందరున్నారు. మీకు నేను చెప్పేదేముంది, మిగతావాళ్ల కోసం చెబుతాను. ఒక రోలు, ఇద్దరు ఆడవాళ్లు, రెండు రోకళ్లు. ఒకామె రోకలి పైకి లేచేటప్పుడు రెండో ఆమెది కిందికి దిగాలి. కొంచెం తేడా వచ్చిందంటే రోకలీ రోకలీ కొట్టుకుంటాయి, చేతులు జివ్వుమంటాయి. అలవాటైనవాళ్లు రోకలిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటారు, అదీ లెక్క తప్పకుండా జరగాలి. ఆ లెక్క ఎవరు చెప్పాలి? పాట చెప్పాలి. రోలూ రోకలీ ఎట్లా పనిముట్లో పాట కూడా అట్లే ఒక పనిముట్టు. పాట ఆగితే చేయి ఆగుతుంది.

ఇప్పుడు అన్నమయ్యను వినండి. 'సువ్వి సువ్వి సువ్వని సుదతులు దంచెద రోలాల.' ఆ 'ఓలాల' దగ్గర ఏం జరుగుతుంది? రోకలి పడుతుంది. మళ్లీ వినండి. 'వనితలు మనసులు కుందెన చేసిటు వలపులు తగ నించోలాల, కనుచూపులనెడు రోకండ్లను కన్నెలు దంచెద రోలాల.' ప్రతి పాదం చివరా ఓలాల, ప్రతి ఓలాల దగ్గరా రోకటి దెబ్బ. అర్థం చూడండి. గింజలు చెదిరిపోకుండా రోటి మీద కుందెన పెడతాం కదా, ఇక్కడ ఆ కుందెన మనసు. అందులో పోసింది వలపు. దంచేవి కంటిచూపులు. రోకళ్లు రెండు, కళ్లు రెండు. చూపు లేస్తుంది, వాలుతుంది, మళ్లీ లేస్తుంది. దంచి దంచి పొట్టు పోతే లోపల ఏం మిగులుతుందో ఆ తల్లులకు చెప్పాల్సిన పని లేదు.

ఈ మాట తాటాకు ముందు పెట్టుకుని కూర్చున్నవాడికి తడుతుందా? తట్టదు. దంచే చోట నిలబడి చూసినవాడికే తడుతుంది. ఆ దరువు ఎవరిది? అన్నమయ్యది కాదు. ఆయన పుట్టకముందు నుంచీ దంచుతున్న ఆడవాళ్లది.

ఇది ఒక్క పాట అయితే నేను ఇంత గట్టిగా చెప్పను. సంక్రాంతి నెలలో పేడ ముద్దలు పెట్టి, గుమ్మడి పూలు గుచ్చి ఆడపిల్లలు చుట్టూ తిరుగుతారు. ఆ పిల్లల కోసం 'కొలని దోపరికి గొబ్బిళ్ళో, యదుకుల స్వామికిని గొబ్బిళ్ళో' అన్నాడు. 'కొండ గొడుగుగా గోవుల గాచిన కొండొక శిశువుకు గొబ్బిళ్ళో.' చప్పట్లు ఎక్కడ పడతాయో మీకే తెలుస్తోంది. వసంతంలో రంగులు చల్లుకునేవాళ్ల కోసం జాజర పాట. ఉయ్యాల ఊపే తల్లి కోసం 'జో అచ్యుతానంద'. ఏడ్చే బిడ్డను చంకనేసుకుని ఆరుబయట తిరిగే అవ్వ కోసం 'చందమామ రావో జాబిల్లి రావో'. ఆ పాట ఇక్కడ రానివాళ్లున్నారా? అన్నమయ్య పేరు తెలియకముందే అది వచ్చు మనకు.

ఉయ్యాల పాట ఒక్కదాని దగ్గర ఇంకొంచెం ఆగుతాను. 'అలర చంచలమైన ఆత్మలందుండ నీ అలవాటు సేసె నీ వుయ్యాల, పలుమారు నుచ్ఛ్వాస పవనమందుండ నీ భావంబు దెలిపె నీ వుయ్యాల.' మనుషుల మనసులు నిలకడ లేనివి, అటూ ఇటూ ఊగుతాయి. వాటిలో కూర్చుని కూర్చుని స్వామికి ఊగడం అలవాటైందట. ఊపిరి లోపలికీ బయటికీ ఊగుతుంది, అందులోనూ ఆయనే ఉన్నాడట. తర్వాత ఏకంగా ఉదయాద్రి, అస్తాద్రి రెండూ ఉయ్యాల స్తంభాలు, ఆకాశం అడ్డదూలం, వేదాలు బంగారు గొలుసులు అంటాడు. ఎంత దూరం పోయినాడో చూడండి! బయలుదేరింది ఎక్కడి నుంచి? దూలానికి తాడు కట్టి పాత చీరతో వేసిన ఉయ్యాల దగ్గర నుంచి. అక్కడ తల్లి చేయి ఎంత మెల్లగా ఊపుతుందో పాట అంత మెల్లగా నడుస్తుంది. వేదాలు గొలుసులైనా సరే, నడక మారదు.

ఇక్కడ ఒకరు అడగొచ్చు. ఇది అన్నమయ్య సొంత ఆలోచన కాకూడదా, పల్లె ఆడవాళ్ల నుంచి తీసుకున్నాడని ఏమిటి ఆధారం? మంచి ప్రశ్న. ఆధారం శ్రీశైలంలో ఉంది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి శ్రీశైలం కొండెక్కే జనాన్ని వర్ణిస్తూ వాళ్లు పాడే పాటల పేర్లు వరసగా చెబుతాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. అన్నమయ్య కంటే నూరేళ్ల ముందే మన కొండదారిలో గొబ్బి పదాలు మోగుతున్నాయి. ఆ పాడినవాళ్ల పేర్లు లేవు. పాటల పేర్లయినా సోమనాథుడు రాసిపెట్టినాడు, ఆయనకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మరి తమిళం నుంచి వచ్చింది ఏమిటి? అదీ చాలా ఉంది. పెరియాళ్వారు యశోద అయిపోయి కృష్ణుడికి జోల పాడినాడు, చందమామను పిలిచినాడు. ఆయన పెంచిన గోదాదేవి తెల్లవారుజామున తోటి పిల్లల్ని నిద్ర లేపుతూ ముప్పై పాశురాలు పాడింది. దేవుణ్ణి ఇంటి మనిషిగా పాడవచ్చు అనే ధైర్యం అన్నమయ్యకు అహోబిలంలో శఠకోపయతి దగ్గర దొరికింది. ఆ ధైర్యంతో ఏం చేసినాడు? ఆ గోదాదేవినే మన పెళ్లింటికి తీసుకొచ్చినాడు. 'చూడరమ్మ సతులాల సోబాన పాడరమ్మ, కూడున్నది పతి చూడి కుడుత నాంచారి.' పూలమాల తాను ముడుచుకుని స్వామికిచ్చిన ఆ శ్రీవిల్లిపుత్తూరు పిల్ల పెళ్లికి మన ముత్తైదువులు మన సోబాన పాట పాడుతున్నారు. గురువు దగ్గర నేర్చింది, ఊళ్లో విన్నది, రెండూ ఒక్క పాటలో కలిసిపోయినాయి. నన్నడిగితే సీమ భక్తి అంటే ఏమిటో చూపించడానికి ఈ ఒక్క పాట చాలు.

ఇట్లాంటిది ఇంకెక్కడైనా జరిగిందా? జరిగింది. పండరిలో నామదేవుడి ఇంట్లో పనిచేసిన జనాబాయి ఉంది. విసురుతూ, దంచుతూ నిన్నే పాడతాను అనంతా అన్నది ఆమె. ఆమె తిరగలి తిప్పుతుంటే విఠలుడే వచ్చి ఇంకో చేయి వేసినాడని మరాఠీ పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. బసవన్న ఉన్న కల్యాణ పట్టణంలో ఆయన వెంట నడిచిన శివభక్తుల, అంటే శరణుల, పేర్లు చూడండి. మడివాళ మాచయ్య బట్టలుతికేవాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపేవాడు. నులియ చందయ్య తాళ్లు పేనేవాడు. వాళ్ల పనే వాళ్ల పేరు.

ఇక్కడ ఒక తేడా ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడటం నాకిష్టం లేదు. పండరిలో తిరగలి తిప్పినామే కవి. కల్యాణంలో పడవ నడిపినవాడే కవి. వాళ్ల అభంగంలో, వాళ్ల వచనంలో వాళ్ల ముద్ర వాళ్లదే. మన దగ్గర మాత్రం దంచిన ఆడవాళ్ల పేరు రాగిరేకు మీదికి ఎక్కలేదు, వాళ్ల దరువు ఒక్కటే ఎక్కింది. అదే ఇంట్లో అన్నమయ్య భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది, తెలుగులో తొలి కవయిత్రి ఆమేనని చాలామంది అంటారు. ఆమె పట్టుకున్నదీ పాడుకునే మంజరీ ద్విపదనే. కానీ ఆమె పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఇంకో మాట కూడా అంటారు. బసవన్న కులాన్ని ఎదిరించి కల్యాణంలో పెళ్లిళ్లు చేయించినాడు, అన్నమయ్య గుడిలోపల ఉండి పాడుకున్నాడు, ఇద్దర్నీ ఒక ఉద్యమం అని ఎట్లా అంటాం అని. నేను ఇద్దర్నీ ఒక త్రాసులో పెట్టను. కల్యాణంలో శరణులు ప్రాణాలు పోగొట్టుకున్నారు, అది వేరే స్థాయి. 'నిండార రాజు నిద్రించు నిద్రయు నొకటే, అండనే బంటు నిద్ర అదియు నొకటే' అని అన్నమయ్య పాడినాడు. 'మెండైన బ్రాహ్మణుడు మెట్టు భూమి యొకటే, చండాలుడుండేటి సరిభూమి యొకటే' అనీ పాడినాడు. 'ఏ కులజుడేమి యెవ్వడైననేమి' అన్నాడు. పాడినంత మాత్రాన ఊరు మారలేదు. గుడి తలుపులు అందరికీ తెరుచుకోవడానికి ఇంకా శతాబ్దాలు పట్టింది. నిజమే. కానీ ఆ మాటను ఆయన ఏ బాణీలో పెట్టినాడు? తందనాన. వీధిలో కథ చెప్పేవాడు ఎత్తుకునే పల్లవి. ఆ మాట వినాల్సినవాళ్లు గుడి బయట ఉన్నారు, బయటికి వినపడే బాణీలోనే పాడినాడు. దీన్ని నేను చిన్న విషయంగా తీసిపారేయలేను.

ఇదే మనిషి రాజు దగ్గర ఎట్లా ఉన్నాడో కూడా చూడండి. సాళువ నరసింహుడు 'ఏమొకో చిగురుటధరమున' విని పొంగిపోయి, నా మీద కూడా అట్లాంటిది ఒకటి చెప్పమన్నాడు. 'నరహరి కీర్తన నానిన జిహ్వ, ఒరుల నుతింపగ నోపదు జిహ్వ' అన్నాడు అన్నమయ్య. సంకెళ్లు వేసినారు. అప్పుడు పాడిన పాటలో ఎవరి కష్టాలున్నాయి? ఆకలేసిన వేళ, అలసిన వేళ, సంకెల పెట్టిన వేళ, చంపడానికి పిలిచిన వేళ, అప్పులవాళ్లు దారిలో నిలేసిన వేళ. అప్పులవాళ్లు! సీమ రైతుకు ఈ మాట విడమరచి చెప్పాలా? రాజుకు ఒక్క పదం ఇవ్వనన్న మనిషి, రోకలి పట్టిన ఆమె దరువును మాత్రం అడిగి తీసుకున్నాడు. ఎవరి ముందు తల వంచాలో ఆయనకు తెలుసు.

ఇప్పటి సంగతి. రాగాలు తెలుసు, స్వరాలు తెలియవు అన్నాను కదా. ఈరోజు కచేరీల్లో మనం వింటున్న బాణీలు చాలావరకు 20వ శతాబ్దపు పెద్దలు కట్టినవి. వాళ్ల మీద నాకు అపారమైన గౌరవం, వాళ్లు లేకపోతే అన్నమయ్య రేకుల్లోనే ఉండేవాడు. కానీ సువ్వి పాటను స్టేజీ మీద మైకు ముందు కూర్చుని, తాళం తొడ మీద వేసుకుంటూ పాడితే రోకలి ఎక్కడ పడుతుంది? బరువు ఎత్తిన ఊపిరి అందులోకి ఎట్లా వస్తుంది? మొన్న ప్రొద్దుటూరు వైపు ఒక పెళ్లికి పోయినాను. పసుపు దంచే తంతు జరుగుతోంది. ఐదుగురు ముత్తైదువులు రోకలి పట్టుకున్నారు, ఫోటో తీసే అబ్బాయి, అట్లే పట్టుకోండి, కదలొద్దండి అంటున్నాడు. వెనకాల కూర్చున్న ఒక అవ్వ ఉండబట్టలేక లేచి, పట్టుకుంటే పసుపు నలుగుతుందా నాయనా, జరగండి అని రోకలి అందుకుని సువ్వీ అని ఎత్తుకుంది. ఐదారు దెబ్బలకు పిల్లలు లయ పట్టేసినారు. ఎవరూ నేర్పలేదు, రోకలి నేర్పింది. ఆమె పాడింది అన్నమయ్య పాట కాదు. ఏ రేకుల్లోనూ లేని పాట. అయినా నడక అదే, 'ఓలాల' పడే చోటు అదే.

అందుకే నేను మిమ్మల్ని ఒకటి అడుగుతాను. అన్నమయ్య బాణీలు పోయినాయని బాధపడుతున్నాం కదా. కొన్నయినా పోలేదేమో. రాయచోటి, పులివెందుల, బద్వేలు, ఆళ్లగడ్డ పల్లెల్లో డెబ్బై ఏళ్లు దాటిన ఆడవాళ్ల దగ్గర ఉన్నాయేమో. పరిశోధన చేసే పిల్లలు ఇక్కడున్నారు. రేకుల పాఠాలు చదవండి, తప్పకుండా చదవండి. దాంతోపాటు ఫోను పట్టుకుని మీ అవ్వల దగ్గరికి పోండి. సువ్వి పాట, గొబ్బి పాట, సోబాన పాట, జోల పాట రికార్డు చేయండి. కూర్చోబెట్టి పాడించొద్దు, రోకలి ఇచ్చి పాడించండి. పాడినామె పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమె పేరు కూడా రాయండి. మన పాత గ్రంథాల్లో రాయనిది అదే.

నాకిచ్చిన సమయం అయిపోయింది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఇంకొక్క ఐదు నిమిషాలు ఇవ్వండి సార్, అవి నాకు కాదు. ఇందాక చేతులెత్తిన అమ్మలు ఆ మూలన ఉన్నారు కదా, వాళ్ల ఊళ్లో గొబ్బి పాట ఎట్లా ఎత్తుకుంటారో విందాం. బాబూ, ఆ మైకు అక్కడికి తీసుకుపో. అమ్మా, లేవాల్సిన పని లేదు, కూర్చునే పాడండి. మిగతావాళ్లు చప్పట్లు వేయండి, 'గొబ్బిళ్ళో' అన్నచోట.